నాలుగో సీసా

సార్నియా,
జూన్ 9

అత్తయ్యకు,

నమస్కారాలు. నేను ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ?" అనడం, నేను అరవడం, ఆ అరుపుకి తేజు భయపడి ఏడవడం, ఇదంతా ఎందుకని కాగితం పట్టుకున్నాను. తెలుగు రాసి చాలా ఏళ్ళయింది. తప్పులుంటే నవ్వుకో. దిద్ది వెనక్కి మాత్రం పంపకు.

పెదనాన్న ఇంట్లోకి వచ్చేశాం. వచ్చేశాం అంటే నేనూ, మూడేళ్ళ తేజశ్రీనూ. చక్రధర్ ఉద్యోగం మేమిన్నాళ్ళూ కాపురమున్న స్కార్‌బరోలోనే ఉండిపోయింది. శుక్రవారం డ్రైవ్ చేసుకుంటూ వచ్చి ఆదివారం భోజనం కాగానే వెళ్ళిపోతాడు. పిల్లల్లేని పెదనాన్న ఈ ఇల్లు నాకు రాసి పోయాడంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. కాలేజీలో సీటొచ్చి ఈ ఊరొచ్చాను, ఆయన బేస్‌మెంట్‌లో ఉన్నాను, దొడ్డమ్మ పెట్టింది తిన్నాను. అంతకంటే నేను చేసిందేముంది? ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు నువ్వొచ్చి ఉన్న రోజుల్లో కూడా ఇది ఇల్లులాగే ఉంది. ఇప్పుడు ఏ గదిలోకి వెళ్ళినా ఎందుకొచ్చానో మర్చిపోతున్నాను.

అసలు సంగతి చెప్తాను. బేస్‌మెంట్ మెట్ల కింద దొడ్డమ్మ ఊరగాయలు పెట్టుకునే చిన్న గది ఉంది కదా, అది ఖాళీ చేస్తుంటే వెనక అర మీద పాత తోట మందులు బయటపడ్డాయి. తుప్పు పట్టిన డబ్బాలు, పేర్లు చెరిగిపోయిన అట్టపెట్టెలు, ఇక్కడ ఎప్పుడో నిషేధించినవి. వాటి వెనక మూడు గాజు హార్లిక్స్ సీసాలు. మూతల చుట్టూ మైనం, దాని మీద గుడ్డ కట్టి ఉంది. తెల్ల ప్లాస్టర్ ముక్క మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో "ఎండ్రిన్" అని రాసి ఉంది. చేలకి కొట్టే ఆ పురుగుల మందే. మన వైపు ఆ మాట ఎప్పుడు వింటామో నీకు తెలుసు. ఎవరింట్లోంచో ఏడుపులు వినపడ్డప్పుడే వింటాం.

జీవితమంతా ఇక్కడి కెమికల్ ప్లాంట్లలో ఇంజనీరుగా చేసిన మనిషి ఇంట్లో ఇవెందుకున్నాయత్తయ్యా? అది పెదనాన్న చేతిరాత కూడా కాదు.

ఇంకోటి. ఆ అర మీద దుమ్ములో సీసాల అచ్చులు నాలుగున్నాయి. సీసాలు మూడే. నాలుగోది ఏమైందో నీకేమైనా తెలుసా? తేజుకి అందనిదంటూ ఈ ఇంట్లో ఏదీ లేదు. నిన్న స్టూలెక్కి ఉప్పు డబ్బా దింపింది.

రాగిణి


హాలిఫాక్స్,
జూన్ 20

చిరంజీవి రాగిణికి,

ఆశీస్సులు. నీ తెలుగుకేం, లక్షణంగా ఉంది. ఫోన్‌లో అరిచేదానికంటే ఉత్తరంలోనే మర్యాదగా ఉన్నావు.

ఆ గుండ్రటి అక్షరాలు నావేనే తల్లీ. మీ పెదనాన్నకి గుత్తివంకాయ పిచ్చి. ఈ దేశం వచ్చిన కొత్తల్లో తెనాలి నుంచి విత్తనం తెప్పించి పెరడంతా నాటాడు. ఇక్కడి చారల పురుగు ఒకటి వచ్చి, మొక్కకి ఆకన్నది లేకుండా తినిపోయింది. షాపుల్లో దొరికే మందులన్నీ ఉత్త నీళ్ళని తీర్మానించాడు. ఆ మరుసటి ఏడు ఇండియా వచ్చి, మన పత్తి చేలల్లో కొట్టే మందే కావాలని కూర్చున్నాడు. నేనప్పుడు గుంటూరులో డ్యూటీ డాక్టర్ని. సీసాలు కడిగి, మందు పోసి, మైనం కరిగించి మూతలు బిగించి, ఆస్పత్రి ప్లాస్టర్ మీద పేరు రాసిచ్చాను. ఎండుమిరపకాయలకీ పంచెలకీ మధ్య పెట్టుకుని విమానమెక్కాడు మహానుభావుడు. అదే మందు తాగి వచ్చినవాళ్ళని నా వార్డులో రోజూ చూస్తూ కూడా పోసిచ్చాను. అన్నయ్య అడిగితే లేదనడం తెలియని రోజులు.

తీరా తెచ్చాక మీ దొడ్డమ్మ, మా సుందరి వదిన, ఒక్క చుక్క వాడనివ్వలేదు. ఆ మందు కొట్టిన కాయ నా గుమ్మం తొక్కదంది. బతికున్నన్నాళ్ళూ పురుగుల్ని చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేసింది. పారేద్దామంటే ఎక్కడ పారేస్తాడు? మోరీలో పోస్తే నదిలో చేపలు చస్తాయి. ఇలాంటి విషాలు తీసుకునే ఊరి చెత్త డిపోకి తీసుకెళ్తే, ఇది దేశంలోకి ఎలా వచ్చిందని అడుగుతారేమోనని భయం. సిటిజన్‌షిప్ వచ్చినా ఆ భయం వదల్లేదు. అలా మెట్ల కిందే ఉండిపోయాయి.

నాలుగోదంటావా, ఎప్పుడో పగిలి ఉంటుంది. దానికోసం ఇల్లు తవ్వకు. ఉన్నవాటిని వదిలించుకో. మనవాళ్ళెవరికీ చెప్పకు. పురుగుల మందు దొరికిందంటే చాలు, అన్నయ్య పోయినదానికి కథలల్లుతారు. ఆయన గుండె ఆగి పోయాడు, కాగితాలన్నీ నేనే చూశాను.

ఇక్కడంతా పొగమంచు. రోజూ పన్నెండింటికి కోట మీద వేళ చెప్పే ఫిరంగి పేలితే కిటికీ అద్దం వణకడం చేతికి తెలుస్తోంది కానీ చెవికి తెలియడం లేదు. కింద పోర్షన్‌లో విద్య అని హైదరాబాద్ అమ్మాయి అద్దెకుంటోంది, నర్సు. ఈ ఉత్తరం పోస్టులో వేసేది తనే.

వంకాయ నారు పోశావా లేదా?

అత్తయ్య


సార్నియా,
జులై 6

అత్తయ్యా,

మూడు సీసాలూ, ఆ డబ్బాలూ డిపోలో ఇచ్చేశాను. చేతులకి మందపాటి గ్లవ్స్ వేసుకున్న ఆయన ఇదేంటని అడిగాడు. మా పెదనాన్న ఎప్పుడో ఇండియా నుంచి తెచ్చుకున్న పురుగుల మందని చెప్పాను. ఇన్నేళ్ళయినా సీల్ చెడలేదే అని ఆశ్చర్యపోయి, పీపాలో పెట్టి, థాంక్యూ చెప్పాడు. ఇంకేమీ అడగలేదు. పెదనాన్న జీవితమంతా భయపడింది దీనికి. తలుచుకుంటే కారులో కూర్చుని ఏడుపొచ్చింది.

నాలుగోది పగల్లేదత్తయ్యా. పగిలితే మరకైనా ఉండేది, ఇన్నేళ్ళయినా వాసనైనా ఉండేది. ఆ అచ్చులో దుమ్ము కూడా సరిగ్గా పేరుకోలేదు. ఈమధ్యే ఎవరో తీశారు. పెదనాన్న మోకాళ్ళ నొప్పులతో బేస్‌మెంట్ మెట్లు దిగడం ఎప్పుడో మానేశాడు. మరి ఎవరు? దినాలప్పుడు శేషగిరి అంకుల్ ఆ గదిలోంచి ఊరగాయ జాడీలు పైకి తెచ్చారని గుర్తొచ్చి, పొరపాటున ఏమైనా పట్టుకెళ్ళారా అని అడిగాను. పెదనాన్నతో అన్నేళ్ళు పనిచేసిన మనిషి. "నీ ఇంట్లో సీసా ఎత్తుకుపోయే గతి నాకు పట్టలేదమ్మా" అన్నారు. అప్పటినుంచి ఆంటీ కూడా ఫోన్ తీయడం లేదు. ఈ ఊళ్ళో నాకున్నది ఆ ఒక్క ఇల్లే.

అది చాలదన్నట్టు మొన్న తేజు వంటింట్లో హార్లిక్స్ సీసా ముందేసుకుని మూత తిప్పుతూ కనపడింది. ఒక్క గెంతు గెంతి లాక్కుని ఆ చేత్తోనే చెంప మీద కొట్టాను. తీరా చూస్తే అది దొడ్డమ్మ గుండీలు దాచుకున్న సీసా. గుండీలు నేలంతా దొర్లాయి. దాని చెంప మీద నా వేళ్ళు తేలాయి. నేనింతవరకు దాని మీద చెయ్యెత్తలేదు.

నువ్వు కింద గదిలోనే పడుకునేదానివి కదా. ఎవరైనా మెట్ల కిందకి వెళ్ళడం చూశావా? బాగా గుర్తు తెచ్చుకో.

నీ అక్షరాలేంటి ఇంత పెద్దవయ్యాయి? లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. బస్సులో కూర్చుని రాశావా?

రాగిణి


హాలిఫాక్స్,
జులై 17

రాగిణికి,

నేనేమీ చూడలేదు. పాత ఇల్లు, పాత సామాను. ఎవరో ఎప్పుడో పారేసి ఉంటారు. శేషగిరి గారికి నేను రాస్తాను, ఆయనకి కోపం పోతుంది.

ఆ పిల్లని కొట్టకు. అన్ని వస్తువులూ తాళం వేసిన అల్మారాలో పెట్టు. ఎప్పుడైనా అనుమానం వస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళు. అంతకుమించి చెప్పేదేమీ లేదు.

చేతులు వణుకుతున్నాయి, అందుకే పెద్దక్షరాలు. వయసు మీద పడితే ఇంతే. దీన్ని కూడా పరిశోధించకు.

అత్తయ్య


సార్నియా,
ఆగస్టు 11

అత్తయ్యా,

పోయిన వారం తేజుకి ఉన్నట్టుండి వాంతులు పట్టుకున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. ఆలోచిస్తూ కూర్చోవద్దన్నావుగా, ఎత్తుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తాను. ఇంట్లో ఎండ్రిన్ సీసా కనపడటం లేదని చెప్పేసరికి వాళ్ళ ముఖాలు మారిపోయాయి. దాని బుజ్జి చేతికి సూదులు పొడిచారు. అది నా వైపు చూసి ఏడవలేదు. కొట్టినప్పటినుంచి అది నన్ను చూసి ఏడవడం మానేసింది. నర్సు వైపు చూసి ఏడ్చింది.

ఏ మందూ కాదు, ఏదో వైరస్. తగ్గింది. కానీ ఆస్పత్రి నుంచి, పిల్లల భద్రత చూసే ఒకావిడ ఇంటికొచ్చింది. మంచిదే పాపం. విషం ఇంట్లోకి ఎలా వచ్చింది, ఎక్కడుంది, దొరకని ఇంట్లో పిల్లని ఎందుకుంచావు అని నెమ్మదిగా అడిగింది. తెలిసినంత చెప్పాను. ఏదో రాసుకుని, మళ్ళీ వస్తానని వెళ్ళింది. మళ్ళీ వచ్చి పిల్లని తీసుకెళ్తారా అత్తయ్యా? చక్రధర్‌ని అడిగితే, ఇల్లు అమ్మేసి వచ్చెయ్, ఇంకెన్నిసార్లు చెప్పాలి అని విసుక్కున్నాడు.

గోడకున్న చెక్కలు ఊడదీశాను. పెరట్లో పాతిపెట్టారేమోనని తవ్వాను. వంకాయ మొక్కలు పూత మీదున్నాయి. దొడ్డమ్మ విత్తనమే. అన్నీ వేళ్ళతో సహా పీకేశాను. ప్రతి సోమవారం మధ్యాహ్నం ప్లాంట్ల సైరన్ టెస్ట్ చేస్తారు కదా, కాలేజీ రోజుల్లో పాటలా వింటూ ఉండేదాన్ని, ఇప్పుడు అది మోగితే తేజుని ఎత్తుకుని వాకిట్లోకి పరిగెడుతున్నాను. అన్నం కలిపి నోట్లో పెట్టబోతూ నా చెయ్యి నేనే వాసన చూసుకుంటున్నాను. తేజుకి తినిపించాలంటే భయం. నాకు పిచ్చెక్కుతోందేమో, నువ్వు డాక్టరువి, నువ్వే చెప్పు.

పోయినవాడు ఇల్లిచ్చి పోయాడు. నాకు మాత్రం ఇందులో ఒక్క సీసానే కనపడుతోంది.

రాగిణి


హాలిఫాక్స్,
ఆగస్టు 19

రాగిణీ,

వెతకడం ఆపు. ఆ సీసా నా దగ్గర ఉంది.

నీకు పిచ్చి లేదు. పిచ్చి నాది. దినాలయ్యాక నేనే తీశాను. మీ పెదనాన్న ఎలా తెచ్చాడో అలాగే, పట్టుచీరలో చుట్టి పెట్టెలో పెట్టుకుని తెచ్చాను. ఇక్కడ దేవుడి గూట్లో, విగ్రహాల వెనక ఉంది. ఇంకెవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

చేతులు వణకడం అబద్ధం. నా కళ్ళు పోతున్నాయి. కంటి నడుమ నల్లమచ్చ పడింది. ముందు ఎడమది, ఇప్పుడు కుడిది. నువ్వు రాసింది భూతద్దం పెట్టి, పక్కచూపుతో ఒక్కో ముక్కా ఏరుకుని చదువుతున్నాను. ఈ ఉత్తరం ఒక పూట పడుతోంది. ఇంజెక్షన్లు వేశారు, లాభం లేదన్నారు. నాకూ తెలుసు.

మీ మామయ్య పోయినప్పుడు తట్టుకున్నాను. చెవులు పోయినప్పుడు, పోనీలే పుస్తకాలున్నాయనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే వినపడదు, రాసి చూపిస్తే కనపడదు. ఎవరో వస్తారు, ఒళ్ళు తుడుస్తారు, నోట్లో ముద్ద పెడతారు. అది పగలో రాత్రో, పెట్టింది ఎవరో కూడా నాకు తెలియదు. అలా ఏళ్ళకేళ్ళు. నాకు భయమే రాగిణీ. చావంటే కాదు, అదంటే.

మెట్ల కింద నా అక్షరాలు చూశాను. అవి చదవగలిగాను, అప్పటికింకా కుడికన్ను ఉంది. ఇది నాకోసమే ఇన్నాళ్ళు ఆగిందనుకున్నాను. నీ పిల్ల ఆ ఇంట్లోకి వస్తుందని గానీ, నువ్వు దుమ్ములో అచ్చులు లెక్కపెడతావని గానీ తోచలేదు. తోచాక కూడా రెండు ఉత్తరాల్లో అబద్ధమాడాను. చెప్తే లాక్కుంటావని. నీ బిడ్డ చేతికి సూదులు గుచ్చారని చదివాక నా వల్ల కాలేదు.

ఆవిడ మళ్ళీ వస్తే ఈ ఉత్తరం చూపించు. సీసా దొరికిందని చెప్పు. నా గురించి మాత్రం ఇంకేమీ అడగకు.

సరోజ


సార్నియా,
ఆగస్టు 23

అత్తయ్యా,

విద్యకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. నువ్వు చెప్పొద్దన్నావు, నేను చెప్పాను. ఈ ఉత్తరం తనకి ఫోన్‌లోనే పంపిస్తున్నాను. పెద్దక్షరాలు చేసి, ప్రింట్ తీసి నీ చేతిలో పెడుతుంది. నేను వచ్చేదాకా నిన్ను వదిలి వెళ్ళదు. తిట్టుకుంటావో, తలుపేసుకుంటావో నీ ఇష్టం.

ఎంత పని చేశావు! నా బిడ్డని కొట్టాను. శేషగిరి అంకుల్‌ని దొంగని చేశాను. దొడ్డమ్మ మొక్కలు చంపేశాను. ఇదంతా నీకు తెలుస్తూనే ఉంది. నువ్వు ఉత్తరాలు చదువుకుంటూ కూర్చున్నావు. నిన్ను ఎప్పటికైనా క్షమిస్తానో లేదో నాకు తెలియదు. దానికైనా నువ్వు ఉండాలి కదా.

నీకు భయం వద్దని నేను అనను. నువ్వు రాసింది చదివాక నాకూ అదే భయం పట్టుకుంది. కానీ నా చిన్నప్పుడు నువ్వు సెలవులకి ఇండియా వచ్చి, పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని అక్షరాభ్యాసం చేయించావు. నేను పంతం పట్టి పిడికిలి బిగిస్తే, బియ్యం వదిలేసి నా అరచెయ్యి విప్పి అందులో రాశావట. అమ్మ ఎప్పుడూ చెప్పేది. తేజుకి ఇంకా అక్షరాభ్యాసం చేయలేదు. నీ కళ్ళు పోతే నీ అరచేతిలో రాస్తాను. ఒక్కో అక్షరం రాస్తాను. ముద్ద పెట్టింది నేనని రాస్తాను. పగలని రాస్తాను. తేజు వచ్చిందని రాస్తాను. ఒక్క మాటకి పూటంతా పట్టినా రాస్తాను.

ఆదివారం తేజుని తీసుకుని వస్తున్నాను. ఆలోపు ఆ సీసా ఆ ఇంట్లో ఉండకూడదు. నా బిడ్డని ఇంకోసారి అది ఉన్న ఇంట్లోకి తీసుకురాలేను.

రాగిణి


హాలిఫాక్స్,
ఆగస్టు 26

రాగిణీ,

ఆదివారం నువ్వొస్తావు. వచ్చాక నీ మాట నాకు వినపడదు, నీ ముఖం చూస్తూ నేనేమీ చెప్పలేను. అందుకని రాసి ఉంచుతున్నాను. వచ్చిన వెంటనే ఇది చదువు.

విద్య పైకొచ్చి నీ ఉత్తరం నా చేతిలో పెట్టి, కుర్చీ నా ఎదురుగా వేసుకుని కూర్చుంది. డ్యూటీకి సెలవు పెట్టింది. నేను కసురుకున్నాను, వెళ్ళమన్నాను. కదల్లేదు. అన్నం వండి పెట్టింది. తమ క్లినిక్‌లో ఇలాంటి దిగుళ్ళు చూసే ఒక డాక్టరుందని, తనతో మాట్లాడాలని రాసి చూపించింది. రేపు తీసుకెళ్తుందట.

ఇవాళ ఇద్దరం టాక్సీలో డిపోకి వెళ్ళాం. అక్కడి మనిషి సీసా చూసి ఏదో అడిగాడు. లేబుల్ మీద ఏం రాసుందని అనుకుంటా. నేను సీసా అందుకుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. తెల్లగా ప్లాస్టర్ ఉన్నట్టు తెలుస్తోంది. అక్షరాలు కనపడలేదు. నా చేత్తో నేను రాసిన అక్షరాలు. ఏప్రిల్‌లో కనపడ్డాయి. విద్య నా చేతిలోంచి తీసుకుని, చదివి చెప్పింది. తన పెదవులు కదలడం చూశాను, అంతే. ఆయన తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వదిలించుకున్నట్టు లేదు. ఉన్న ఒక్క తలుపూ మూసేసినట్టుంది.

నీకు అబద్ధం చెప్పను, ఇప్పటికే చాలా చెప్పాను. నాకు బతకాలని లేదు. సీసా ఇచ్చింది నాకోసం కాదు, తేజు ఈ గుమ్మం దాటి రావాలంటే అది ఇక్కడ ఉండకూడదన్నావు కాబట్టి. నువ్వు నన్ను సార్నియా తీసుకెళ్తానన్నా, ఇక్కడే ఎక్కడైనా పెడతానన్నా సరే అంటాను. కాదనడానికి ఓపిక లేదు.

నువ్వు రాసింది పరీక్షించి చూద్దామని, కళ్ళు మూసుకుని విద్య ముందు చెయ్యి చాపాను. ఏదో రాసింది. తెలియలేదు. మళ్ళీ రాసింది. చక్కిలిగింత తప్ప ఏమీ తెలియలేదు. చాలాసేపటికి ఒక్క 'అ' తెలిసింది. ఒక్క అక్షరం! దానికే ఇద్దరం అలిసిపోయాం. ఒక మాట కావాలంటే ఎంత పడుతుందో, ఒక రోజు గడవాలంటే ఎన్ని మాటలు కావాలో ఆలోచించి ఏడ్చాను. ఇదా నువ్వు నాకిస్తానన్నది? ఇంతేనా?

బియ్యం, పళ్ళెం తీసి పెట్టాను. తేజు వేలు నువ్వు నా చేతిలో పెట్టాలి, నాకు కనపడదు. పెడితే రాయిస్తాను. దానికి అక్షరాలు త్వరగా రావాలి. నాకు ఎక్కువ టైమ్ లేదు.

ఇంత రాశాను కానీ రాసింది మళ్ళీ చదువుకోలేకపోయాను. తప్పులుంటే నవ్వుకో. దిద్ది చూపించకు, నాకు కనపడదు.

అత్తయ్య